లెట్స్ ఎన్‌క్రిప్ట్: పైసా తీసుకోదు, కాపలా మాత్రం మనదే

మాది కడియం దగ్గర నాలుగెకరాల నర్సరీ. మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు, క్రోటన్లు. హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్ల కోసం సైటు పెట్టాం. తొలకరి పడేటప్పుడే మాకు సీజను. 2022 జూన్‌లో సరిగ్గా ఆ వారంలోనే పాత ఖాతాదారు ఒకాయన ఫోన్ చేశారు. "ఏవండీ, మీ సైటు తెరిస్తే ఎర్ర గుర్తు వస్తోంది. దొంగలు వివరాలు కొట్టేయొచ్చని రాసుందండి. హ్యాక్ అయిందా?"

హ్యాకూ లేదు, ఏమీ లేదు. సర్టిఫికెట్ (సైటు అసలుదేనని బ్రౌజర్‌కు చూపించే డిజిటల్ పత్రం) గడువు ముందు రోజు రాత్రి అయిపోయింది. గుర్తుచేసే మెయిల్ నేను వాడడం మానేసిన అడ్రసుకు పోయింది. "అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అది నొక్కి ముందుకెళ్లిపోండి" అన్నాను. "రేపు బ్యాంకు పేరుతో ఎవడో ఫోన్ చేసి ఇలాగే నొక్కమంటే?" అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఆ సలహా ఎవరికీ ఇవ్వలేదు.

సర్టిఫికెట్ అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, పాతది ఏడాదికి రెండు వేల చిల్లరైతే, ఇప్పుడు 'ప్రీమియం' అంటూ ఎనిమిది వేలది అంటగట్టబోయారు. కాకినాడలో నెట్‌వర్క్ పని చేసే మా బావమరిది "రూపాయి కట్టకండి బావా, సాయంత్రం నేనొస్తాను" అన్నాడు. వచ్చి లెట్స్ ఎన్‌క్రిప్ట్ పెట్టాడు. టీ చల్లారేలోపు అయిపోయింది.

ఇది అమెరికాలో ఐఎస్ఆర్‌జీ అనే లాభాపేక్ష లేని సంస్థ నడిపే ఉచిత సర్టిఫికెట్ల సేవ. 2015 డిసెంబరు నుంచి అందరికీ ఇస్తున్నారు. మన సర్వర్లో సర్ట్‌బాట్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టుకోవాలి. అది అడిగితే వాళ్లొక సంకేతం ఇస్తారు. దాన్ని మన సైటులో చెప్పిన చోట ఫైలుగా పెడితే, వాళ్లు 80వ పోర్టు (సర్వర్లోకి వచ్చే మామూలు దారి) ద్వారా వచ్చి చదివి, ఈ డొమైన్, అంటే సైటు పేరు, మన చేతిలోనే ఉందని నమ్ముతారు. కాగితాల్లేవు, ఫోన్లు లేవు.

ఉచితం కదా, బలం తక్కువేమో అని నాకూ అనుమానం ఉండేది. తక్కువేం కాదు. కొన్నదానికీ దీనికీ ఎన్‌క్రిప్షన్‌లో, అంటే వివరాలు మధ్యలో ఎవరూ చదవకుండా దాచడంలో, తేడా లేదు. ఎక్కువ డబ్బు తీసుకునేవాళ్లు కంపెనీ కాగితాలు కూడా చూస్తారు, అంతే. ఆ కంపెనీ పేరును క్రోమ్ 2019 నుంచి అడ్రస్ బార్‌లో చూపించడమే మానేసింది. అయితే ఒకటి. ఇది డొమైన్ ఎవరి చేతిలో ఉందో చెబుతుంది గానీ, ఆ మనిషి మంచివాడో కాదో చెప్పదు. ఎర్రచందనం మొక్కలిస్తానని అడ్వాన్సు దండుకునేవాడికీ రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. అడ్రస్ బార్‌లో తాళం బొమ్మ ఉంటే నమ్మేయొచ్చని జనం పొరబడుతున్నారనే, 2023లో క్రోమ్ ఆ బొమ్మనూ మార్చేసింది.

ఇక ఇబ్బందుల సంగతి. గడువు 90 రోజులే. సర్ట్‌బాట్ దానంతటదే కొత్తది తెస్తుంది కాబట్టి మూడేళ్లు నేను దీన్ని మర్చిపోయాను. గడువు దగ్గరపడితే వాళ్లు మెయిల్ పంపేవారు. 2025 జూన్ 4తో ఆపేశారు. ముందే ప్రకటించారు, నేను చదివాను కూడా. చదివి ఊరుకున్నాను. ఆగస్టులో ఫైర్‌వాల్ సర్దుతూ, సురక్షితమైన దారి 443వ పోర్టు ఉందిగా ఇదెందుకులే అని 80వ పోర్టు మూసేశాను. రెన్యూవల్ నెల రోజులు రోజూ ఫెయిలవుతూనే ఉంది. అది లాగ్ ఫైలులో రాసుంది. ఆ ఫైలు ఎవరు చూస్తారు?

చివరికి గడువు అయిపోయి, ఒక ఆదివారం పొద్దున్నే మళ్లీ అదే ఎర్ర గుర్తు. టెన్షన్‌లో కారణం వెతక్కుండా సర్ట్‌బాట్‌ను ఆపకుండా నడిపాను. గంటలో ఐదుసార్లు విఫలమైతే కాసేపు తలుపులు మూసేస్తారని అప్పుడు తెలిసింది. బావమరిది ఫోన్లో నవ్వి, "ముందు డ్రై రన్, అంటే ఉత్తుత్తి పరీక్ష, పెట్టి చూడాలి బావా, దానికి ఆ లెక్క ఉండదు" అన్నాడు. ఇప్పుడు ఎరువుల తేదీలు రాసే గోడ క్యాలెండర్ మీదే ప్రతి నెలా ఒకటో తారీఖున 'డ్రై రన్' అని రాసి ఉంటుంది.

ఏడాదికోసారి కొని నిశ్చింతగా ఉంటానంటే ఇక కుదరదు. 2029 మార్చి 15 నుంచి ఏ కంపెనీ సర్టిఫికెట్‌కైనా గరిష్ఠ గడువు 47 రోజులే. కొన్నవాళ్లూ ఈ ఆటోమేటిక్ దారికి రావాల్సిందే. మీ హోస్టింగ్ ప్యానెల్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ బటన్ ఉంటే నొక్కేయండి. లేదంటే నేనైతే హోస్టింగే మారుస్తాను.

మరీ పాత ఫోన్ల సంగతి వేరు. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా వెనకటి వాటిలో వీళ్ల రూట్ సర్టిఫికెట్ (వీళ్లిచ్చే వాటన్నిటినీ నమ్మడానికి ఫోన్లో ఉండాల్సిన మూల సర్టిఫికెట్) ఉండదు. అందుకే 2024 చివరి నుంచి రాజమండ్రిలో మా దగ్గర మొక్కలు కొనే ఒక పెద్దాయన ఫోన్లో మా సైటు రావట్లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఈ రూట్ సర్టిఫికెట్ల జాబితా తనే తెచ్చుకుంటుంది, అది వేసుకోండి అన్నాను. "మీ మొక్కల కోసం నన్ను ఫోను నేర్చుకోమంటారేంటండీ" అని, రెండొందల మల్లె అంట్లు నోటితోనే చెప్పి పెట్టేశారు.