మెదడుకి కవచం అన్నారు, పొట్ట బాగైంది

మా ఆయనది గాజువాక ఆటోనగర్‌లో కారు పెయింటింగ్ పని. పొద్దస్తమానం థిన్నర్ వాసనే, ఇంటికొచ్చాక తలపోటు, చిరాకు, కంచం ముందు కూర్చుని కూడా పరధ్యానం. మందుల షాపు కుర్రాడు ఈ ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ చూపించాడు. డబ్బా మీద 'రసాయనాల నుంచి మెదడుకి రక్షణ' అని ఉంది. 30 క్యాప్సూల్స్ 690 రూపాయలు. పెరుగులో ఉండే లాంటి మంచి బ్యాక్టీరియానే కదా, పోనీలే అని రెండు డబ్బాలు తెచ్చాను.

మొదటి వారం పొట్ట ఉబ్బరం, తర్వాత సర్దుకుంది. ఎప్పట్నుంచో ఉన్న మలబద్ధకం తగ్గింది, ఆ మాట చెప్పాలి. తలపోటు మాత్రం స్ప్రే కొట్టిన రోజు ఉంది, సెలవు రోజు లేదు. నెలన్నర వాడినా అంతే.

అప్పుడు కూర్చుని చదివాను. డబ్బా మీది మాట పూర్తిగా గాలి కబురేం కాదు. టాంజానియాలోని మ్వాంజాలో గర్భిణులకి లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అనే మంచి బ్యాక్టీరియా కలిపిన పెరుగు పెడితే రక్తంలో పాదరసం, ఆర్సెనిక్ లాంటి విషాలు మరింత పెరగకుండా ఆగాయని 2014లో అచ్చయింది, పిల్లల్లో మాత్రం అంత స్పష్టంగా తేలలేదు. కానీ అవి తిండితో కడుపులోకి వెళ్లేవి, పేగులో బ్యాక్టీరియా వాటిని పట్టుకునే వీలుంది. థిన్నర్‌లో ఉండే టోలుయిన్ అనే రసాయనం అలా కాదు, పీల్చగానే ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, కొవ్వులో ఇట్టే కలిసే రకం కాబట్టి అక్కణ్ణుంచి నేరుగా మెదడుకి. దొంగ వీధి గుమ్మంలోంచి వస్తుంటే మేం పెరటి తలుపుకి తాళం వేసి కూర్చున్నాం.

ఇంకోటి, డబ్బా మీద బ్యాక్టీరియా జాతి పేరుంది గానీ అందులో ఏ రకమో రాయలేదు. మామిడిపండు అని చెప్పి బంగినపల్లో సువర్ణరేఖో చెప్పనట్టు. రకాన్ని బట్టే కదా పనితనం! పైగా 25 డిగ్రీల లోపు ఉంచాలని రాసి ఉంటే, షాపులో ఎండ పడే అద్దాల అరలో పెట్టారు, అదీ మే నెల వైజాగ్ ఉక్కలో. లోపలివి బతికున్నాయో లేదో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి.

నావి రెండు స్టార్లు, రెండూ పొట్టకే. ఇన్నాళ్లూ ఆయన మూతికి తుండుగుడ్డ కట్టుకునేవాడు, దానికి ఆవిరి ఆగదట. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ల మాస్క్ కొన్నాం, చెమట పోస్తోందని సణుగుతూనే పెట్టుకుంటున్నాడు. మిగిలిన క్యాప్సూల్స్ మా అత్తగారు మోషన్ కోసం వేసుకుంటున్నారు.