షాక్ పుస్తకాన్ని ఎవరు వేస్తే మేలు?

ఎండలు ముదిరాయంటే చాలు, కూలర్ షాక్ కొట్టి ఎవరో పోయారన్న వార్త వినాల్సి వస్తుంది. కరెంటు స్తంభాల మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాక, ఇళ్లలో షాక్ కొట్టకుండా ఏం చేయాలో ఒక పుస్తకంగా రాశాను. కూలర్‌లో నీళ్లు పోసే ముందు ప్లగ్గు తీయాలి. ఇంటికి ఎర్తింగ్ ఉండాలి. బట్టలారేసే తీగ ఇనుపది కాకూడదు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి, కరెంటు లీకైతే క్షణంలో సరఫరా ఆపేసే స్విచ్ అది. ముఖ్యమైన మాటలు ఇవే. ఇవి అంబర్‌పేటలో ఒక్క గది అద్దెకు తీసుకున్న ఇల్లాలి దాకా చేరాలన్నదే నా తపన.

రాయడానికి ఏడు నెలలు పట్టింది. ఎవరితో వేయించాలో తేల్చుకోవడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. ఇప్పుడు తెలిసినవాళ్లు కొందరు "అన్నా, నేనూ ఒకటి రాసిన, ఎవరికియ్యాలె?" అని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మంచి ప్రచురణ సంస్థ తీసుకుంటే అంతకంటే కావాల్సింది లేదు. 1980లో మన నగరంలో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'వైద్యుడు లేని చోట' పుస్తకాన్ని తెలుగులో తెచ్చింది. డాక్టరు అందుబాటులో లేని ఊళ్లకు వైద్యం గురించి చెప్పే పుస్తకం అది. అలాంటి పుస్తకాన్ని జనానికి చేర్చడం ఒంటరి మనిషి వల్ల అయ్యే పని కాదు. సంస్థకు వాక్యం సరిచేసే ఎడిటర్ ఉంటాడు, కోఠి, కాచిగూడ దుకాణాలతో లెక్కలుంటాయి, డిసెంబర్‌లో ఇందిరా పార్కు దగ్గర జరిగే పుస్తక ప్రదర్శనలో స్టాల్ ఉంటుంది. కానీ మన వంతు వచ్చేదాకా ఆగాలి. నా రాతప్రతి ఒకచోట ఎనిమిది నెలలు ఉండి తిరిగొచ్చింది. ఆలోపు ఒక ఎండాకాలం గడిచిపోయింది. కవిత్వమైతే ఆగవచ్చు. ఇది ఆగే విషయం కాదనిపించింది.

ఒప్పందం కుదిరితే మాత్రం కాగితం పూర్తిగా చదివే సంతకం పెట్టండి. కాపీరైట్ రాసినవాళ్లకు రాసినప్పుడే వస్తుంది, రిజిస్టర్ చేయకపోయినా ఉంటుంది. మన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు నడుస్తుంది. హక్కులు రాసిచ్చే కాగితంలో ఎన్నేళ్లకో లేకపోతే 1957 కాపీరైట్ చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది. కాబట్టి "అన్ని హక్కులూ, శాశ్వతంగా" అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగి అడగాలి. ఇక మన దగ్గరే డబ్బు తీసుకుని "మేమే ప్రచురిస్తాం" అనేవాళ్లున్నారు. అది ప్రచురణ కాదు, అచ్చు పని. ఆ డబ్బేదో ప్రెస్సుకే నేరుగా కట్టవచ్చు.

నేను అదే చేశాను, సొంతంగా అచ్చు వేయించాను. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) గురించి టెన్షన్ పడనక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ ఆ 13 అంకెల నంబరును ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్లో అడిగితే సరిపోతుంది. పేజీల లెక్క ముందే చూసుకోవాలి. అచ్చు యంత్రంలోకి వెళ్లే పెద్ద కాగితాన్ని ఫారం అంటారు, దాన్ని మడిస్తే పేజీలవుతాయి. డెమ్మీ అనే మామూలు పుస్తకం సైజులో ఒక ఫారానికి 16 పేజీలు. 96 పేజీలైతే సరిగ్గా ఆరు ఫారాలు. 100 అయితే ఆ నాలుగు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు పెరుగుతుంది. ఆఫ్‌సెట్‌లో వంద కాపీలకైనా వెయ్యి కాపీలకైనా ప్లేట్ల ఖర్చు ఒక్కటే, అందుకే ఎక్కువ వేస్తే కాపీ చవకవుతుంది. ఆ ఆశతోనే ఒకేసారి 500 వేయించాను.

కట్టలు ఇంటికొచ్చిన రాత్రి ఒకటి తెరిచి చూస్తే, 30 మిల్లీ ఆంపియర్లు అని ఉండాల్సిన చోట 300 అని ఉంది. 300ది మంటలు అంటుకోకుండా వాడేది, మనిషి ప్రాణాన్ని ఆపదు. కంప్యూటర్లో టైపు చేసేటప్పుడు (డీటీపీలో) ఒక సున్నా ఎక్కువ పడింది, ప్రూఫ్ చూసినప్పుడు నా కంటికి ఆనలేదు. నేనూ మా ఆవిడా మూడు రోజులు కూర్చుని 500 పుస్తకాల్లో చిన్న కాగితం ముక్కలు అంటించాం. ఒక్కటి కూడా అంటించకుండా బయటికి పోలేదు.

ఆ పైన అమ్మకం. ధర 100 రూపాయలు, దుకాణం కమీషన్ 40 శాతం అనుకుందాం. చేతికి 60 వస్తుంది, అందులోంచే అచ్చు ఖర్చు, ఆటో కిరాయి తీయాలి. 2024 డిసెంబర్‌లో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆగిపోయాక జిల్లాలకు పంపడం ఇంకా భారమైంది. సొంతంగా వేసుకునేవాళ్లు మరచిపోయే మాట ఇంకొకటుంది. 1954 చట్టం ప్రకారం కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నైలోని కన్నెమరాకు, చట్టంలో ఉన్న మిగతా గ్రంథాలయాలకు 30 రోజుల్లో కాపీ పంపాలి. దానికి ప్రతులు ముందే పక్కన పెట్టుకోండి.

ప్లేట్లు లేకుండా అచ్చు వేసే డిజిటల్ ప్రెస్సులో యాభై కాపీలు వేయిస్తే ఒక్కోటి ఆఫ్‌సెట్ కంటే ఖరీదే. అయినా ప్రాణాలతో ముడిపడిన విషయం రాసేవాళ్లు మొదట ఇదే చేయాలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. యాభైలో పది ఎలక్ట్రీషియన్లకు, పది గృహిణులకు, కొన్ని మీతో వాదించేవాళ్లకు ఇవ్వండి. తప్పు దొరికితే తర్వాతి యాభైలో సరిచేయవచ్చు. 500 అచ్చయ్యాక ఆ వీలు లేదు.

ఫోన్లో పెట్టడం గురించి పెద్దగా చెప్పేది లేదు. కథలకు ప్రతిలిపి యాప్ లాంటి చోట్ల పాఠకులున్నారు. నా పీడీఎఫ్ వాట్సాప్‌లో చాలామందికే వెళ్లింది, కొడుకులు చూశారు, కూలర్‌లో నీళ్లు పోసే తల్లులు చూడలేదు. ఒక్క జాగ్రత్త చెబుతాను, మొదటి నుంచీ ఏ ఫోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే టైపు చేయించండి. పాత అను ఫాంట్లలో చేయిస్తే ఆ మాటలు ఫోన్లో అక్షరాలుగా రావు.

200 పేజీలు దాటిన పుస్తకం, దుకాణంలో కొని చదివే పాఠకులు ఉన్నదైతే ఏడాది ఆగైనా మంచి సంస్థకే ఇవ్వమంటాను. నా విషయం అది కాదని గోల్నాకలో ఒక ఇంటికి వెళ్లినప్పుడు అర్థమైంది. 96 పేజీలది ఇస్తే ఆమె తిప్పి చూసి, "గింత సదువుడు నాతోని కాదన్నా. పుస్తకం ఏడనో పడ్తది. సన్నగ చేసి తాడు కట్టియ్యి, క్యాలెండర్ పక్కన ఏలాడదీస్త" అంది.

రెండో ముద్రణ 48 పేజీలకు కుదించాను. మూడు ఫారాలు, మధ్యలో పిన్నులు, పెద్ద అక్షరాలు. 30 అన్న అంకెను ముగ్గురి చేత వేర్వేరుగా చదివించాను. ముందు డిజిటల్‌లో యాభై, ఆ తర్వాతే ఆఫ్‌సెట్‌లో వెయ్యి. పై మూలలో రంధ్రం వేసి తాడు కట్టిస్తానంటే బైండింగ్ అతను పంచాంగాలకు వాడే దారమే తెచ్చి చూపించాడు. మార్చిలోపు ఇచ్చేస్తానన్నాడు.