క్యాప్సూల్ మంచిదే, డబ్బా మీద రాసిన మాటతోనే పేచీ

డబ్బా ముందువైపు మూడు మాటలున్నాయి: ఎముకల బలానికి, రోగనిరోధక శక్తికి, రక్తంలో చక్కెర నియంత్రణకు. ఆ మూడో మాట చూసి ఈ విటమిన్ డి3 క్యాప్సూళ్లు కొనబోయేవారి కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను.

నాకు పరగడుపు చక్కెర 112, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. మధుమేహం కాదు, దానికి ముందు దశ. అదే రక్తపరీక్షలో విటమిన్ డి మిల్లీలీటరుకు 13 నానోగ్రాములే ఉందని తేలింది. 20కి తక్కువైతే సాధారణంగా లోపం కిందే లెక్క. డాక్టరు రోజుకు 2,000 యూనిట్లు వేసుకోమన్నారు.

సరుకుకు వంక పెట్టను. చిన్నవి, తేనె రంగులో మెత్తగా ఉంటాయి, గుక్కెడు నీళ్లతో దిగిపోతాయి. లోపల డి3ని నూనెలో కలిపి నింపారు. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి అది సరైన పద్ధతే. అయినా ఖాళీ కడుపుతో కాకుండా భోజనంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. కొన్ని నెలల తర్వాత పరీక్షలో 13 కాస్తా 34 అయింది. డాక్టరు ఏ పనికి రాశారో ఆ పని చేసింది.

లేబుల్ దగ్గరే చిక్కంతా. ముందువైపు 2,000 యూనిట్లని లావుపాటి అంకె ఉంటుంది. డబ్బా తిప్పి వెలుతురులో పట్టుకుంటే, ‘ఒక మోతాదు: రెండు క్యాప్సూళ్లు’ అన్న చీమతలకాయంత అక్షరాలు కనిపిస్తాయి. అంటే ఒక్కోదానిలో ఉన్నది 25 మైక్రోగ్రాములు, 1,000 యూనిట్లే. డబ్బా మనం అనుకున్నదానికి సగం కాలమే వస్తుంది. కొనేముందు ధరను ఈ లెక్కతో పోల్చుకోండి.

ఇక చక్కెర సంగతి. విటమిన్ డి తక్కువున్నవారిలో మధుమేహం ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. కానీ బరువు ఎక్కువున్నవారికీ, ఆరుబయట తిరగనివారికీ కూడా ఈ విటమిన్ తక్కువే ఉంటుంది. మధుమేహం ముప్పు కూడా వారికే ఎక్కువ. రెండూ ఒకేచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. దీన్ని తేల్చడానికే అమెరికాలో డీ2డీ అనే అధ్యయనం చేశారు. ముందు దశలో ఉన్న 2,423 మందిలో కొందరికి రోజుకు 4,000 యూనిట్ల డి3, మిగతావారికి మందులేని మాత్ర ఇచ్చి సుమారు రెండున్నరేళ్లు గమనించారు. 2019లో వెలువడిన ఫలితాల్లో గట్టిగా చెప్పగలిగిన తేడా రాలేదు. ఇలాంటి మూడు అధ్యయనాల వివరాలను కలిపి 2023లో మళ్లీ లెక్కగడితే ముప్పు దాదాపు 15 శాతం తగ్గినట్టు తేలింది. కాబట్టి బొత్తిగా పనికిరాదనీ అనను. ముప్పు బాగా ఉన్నవారు ఆహార, వ్యాయామ నియమాలకు తోడుగా విటమిన్ డి వాడవచ్చని 2024లో హార్మోన్ల వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ కూడా సూచించింది. తోడుగా అన్నారు, బదులుగా అనలేదు. డబ్బా మీద లేనిది సరిగ్గా ఆ ఒక్క మాటే!

ఆ నియమాల బలం ఎంతో చూడండి. అమెరికాలోనే 2002లో ఫలితాలు వచ్చిన మధుమేహ నివారణ అధ్యయనంలో 3,234 మంది పాల్గొన్నారు. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ లక్ష్యంగా పెట్టుకున్న బృందంలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మందు వాడినవారిలో 31 శాతం. ఆ 58 పక్కన 15 ఎక్కడ?

నా విషయంలోనూ విటమిన్ డి 34కు చేరిన రోజున హెచ్‌బీఏ1సీ 6.1 దగ్గరే ఉంది. తీపి పానీయాలు మానేసి, పళ్లెంలో సగం కూరగాయలకు కేటాయించి, సాయంత్రం నడక మొదలుపెట్టి, నడుము కొలత తగ్గాక అది 5.7కు దిగింది. ఒక్కరి అనుభవం రుజువు కాదని తెలుసు, కానీ పెద్ద అధ్యయనాలు చెప్పిందీ ఇదే.

డబ్బా మీద ఉండాల్సిన హెచ్చరిక ఒకటి లేదు. పెద్దలకు రోజుకు 4,000 యూనిట్లు గరిష్ఠ పరిమితి. డాక్టరు చెప్పకుండా అంతకు మించి చాలాకాలం వాడితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు. ఇప్పటికే రాళ్లున్నవారు, మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

క్యాప్సూల్‌కు ఐదుకు నాలుగు, లేబుల్‌కు ఒకటి. లోపం ఉందని పరీక్షలో తేలితే కొనండి. చక్కెర కోసమే అయితే ఆ డబ్బు కూరగాయలకు పెట్టండి.