గట్టు మీద మొక్క నాటాలా, మొలిచిందాన్నే కాపాడాలా?

రాయలసీమ మెట్ట పొలాల్లో గట్లు పచ్చబడాలంటే దారులు రెండు: నర్సరీ నుంచి వేప, కానుగ తెచ్చి నాటడం, లేదా తనంతట తాను లేచిన వేప, మోదుగ, తంగేడును నరకకుండా వదలడం.

ఖర్చు: నాటితే గుంత, మొక్క, కంచె, రవాణా. వదిలితే కొడవలి పట్టే మనిషి కూలి అంతే.

శ్రమ: నాటిన మొక్కకు మొదటి రెండు వేసవులూ నీళ్లు మోయాలి. మోడు నుంచి లేచిన చిగుళ్లకు వేరు ముందే లోతుగా ఉంటుంది, నీళ్ల బాధ లేదు. కాకపోతే ఒక్కో మోడుకు నిటారైన కొమ్మ ఒకటో రెండో ఉంచి మిగతావి కోయాలి. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే. కోయకపోతే పొదే మిగులుతుంది, చెట్టు కాదు.

ముప్పు: రెండింటికీ మేకలే. తంగేడును అవి పెద్దగా ముట్టవు, వేప లేత చిగురును మాత్రం వదలవు. వదిలేసిన గట్టుకు ఇంకో బెడద సర్కారు తుమ్మ. అది మన నేలది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. మొలకప్పుడే వేరుతో పెరకాలి. పైన నరికితే మళ్లీ గుబురుగా లేస్తుంది.

లెక్క: నాటినవాటిని ఎండాకాలం దాటాక ఎన్ని బతికాయో లెక్కపెడితే చాలు. వదిలిన గట్టును ఏటా వానల తర్వాత అదే రాయి దగ్గర నిలబడి ఫోన్లో ఫొటో తీసుకోండి.

గట్టులో మోళ్లు, వేళ్లు బతికి ఉంటే వదలడమే మేలు. ట్రాక్టరుతో చదును చేసిన కొత్త గట్టయితే నాటక తప్పదు, అదీ తొలకరి పడ్డాకే.