విండోస్ 11కు మారాక మెమరీ క్రాష్‌లు: వెనక్కి వెళ్లడమా, ర్యామ్ పరీక్షా, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమా – ఏది మేలు?

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ గడువుకు కాస్త ముందూ వెనకా ఎన్నో ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో నాలుగైదేళ్ల నాటి కంప్యూటర్లు విండోస్ 11కు మారాయి. అలా మారిన వాటిలో కొన్నింటికి కొద్ది రోజుల్లోనే ఒక జబ్బు పట్టుకుంటుంది. పని మధ్యలో తెర మొత్తం నీలంగానో, ఇటీవలి కూర్పుల్లోనైతే నల్లగానో మారిపోతుంది. దాని మీద ‘మెమరీ మేనేజ్‌మెంట్’, ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’, ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ వంటి మాటలేవో కనిపించి, యంత్రం తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు యజమానికి మూడు దారులు తోస్తాయి: పాత విండోస్‌కు వెనక్కి వెళ్లడం, ర్యామ్‌నూ, హార్డ్‌వేర్‌ను విండోస్‌తో కలిపే డ్రైవర్లనూ పరీక్షించడం, అంతా తుడిచేసి విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం.

చాలామంది మూడోదానితో మొదలుపెడతారు. అది తప్పని నా గట్టి అభిప్రాయం. ఇన్‌స్టాల్ అయ్యే ప్రతి ఫైలూ ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కడి నుంచే డిస్క్ మీదికి చేరుతుంది. లోపం ర్యామ్‌లోనే ఉంటే కొత్త విండోస్ కూడా పుట్టుకతోనే దెబ్బతిన్న ఫైళ్లతో తయారవుతుంది, ఆ మీద జరిగే ప్రతి మరమ్మతూ అదే చిల్లు కుండలో నీళ్లు పోయడమవుతుంది.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. మెమరీ చాలకపోవడం వేరు, మెమరీలో లోపం ఉండటం వేరు. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. అంత మాత్రమే ఉన్న యంత్రం నత్తనడక నడుస్తుంది, బ్రౌజర్ ట్యాబులు మూసుకుపోతాయి, కానీ సాధారణంగా పైన చెప్పిన తెరలు రావు. కాబట్టి ఆ తెరలు చూసి ఇంకో 8 జీబీ కొని తగిలించడం చాలాసార్లు డబ్బు దండగే.

‘పాత విండోస్‌లో బాగానే నడిచింది కదా, ర్యామ్ ఎలా పాడవుతుంది?’ అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. లోపమున్న ఒక చిన్న కణంలో మొన్నటిదాకా ఏ ఫోటో ముక్కో ఉండి ఉంటే ఒక చుక్క రంగు మారి ఉంటుంది, ఎవరూ గమనించరు. అదే చోట ఇప్పుడు కెర్నెల్‌కు (విండోస్ గుండెకాయ వంటి భాగానికి) చెందిన పేజీ పట్టిక, అంటే ఏ సమాచారం ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే జాబితా, పడితే యంత్రం నిలిచిపోక తప్పదు. గూగుల్ తన సర్వర్ల మీద చేసిన పరిశీలనను 2009లో ప్రచురించినప్పుడు, ఏడాది కాలంలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో కనీసం ఒక దోషం నమోదైనట్టు తేలింది. ఆ సర్వర్లలో దోషాన్ని పట్టుకొని సరిదిద్దే ఈసీసీ మెమరీ ఉంది. మన ఇళ్లలోని కంప్యూటర్లలో దాదాపుగా అది ఉండదు గనుక తప్పు జరిగిన సంగతే తెలియదు. దీనికి తోడు, విండోస్ 11 కోసం టీపీఎం అనే భద్రతా చిప్‌ను ఆన్ చేయాలనో, కొత్త బయోస్ (విండోస్ కంటే ముందే యంత్రాన్ని మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) కావాలనో చాలామంది బయోస్‌ను కదిలించారు. బయోస్ మారితే మెమరీ వేగం, వోల్టేజీ సెట్టింగులు కూడా మారిపోయే అవకాశం ఉంది.

వెనక్కి వెళ్లే దారిని పూర్తిగా కొట్టిపారేయలేము. సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీలో ‘గో బ్యాక్’ అనే ఎంపిక మామూలుగా 10 రోజులు మాత్రమే ఉంటుంది. ఆ గడువు దాటకముందే అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిజ్మ్ (DISM) అనే విండోస్ మరమ్మతు సాధనపు ఆదేశంలోని ‘సెట్ ఓఎస్ అన్‌ఇన్‌స్టాల్ విండో’ ఎంపికకు 60 అని ఇస్తే 60 రోజుల వరకు పొడిగించుకోవచ్చు. తర్వాత ఏ దారి ఎంచుకున్నా సరే, మొదటి రోజే ఈ పని చేసి పెట్టుకుంటే తీరిగ్గా పరీక్షించడానికి వ్యవధి దొరుకుతుంది. అంతే తప్ప వెనక్కి వెళ్లడాన్నే పరిష్కారమనుకోవడం మంచిది కాదు. కారణం పాత డ్రైవరైతే క్రాష్‌లు నిజంగానే ఆగుతాయి, కానీ భద్రతా నవీకరణల గడువు తీరిన విండోస్‌తో మిగులుతాము. కారణం ర్యామ్ అయితే తెర కనిపించడం ఆగినా ఫైళ్లు మౌనంగా పాడవుతూనే ఉంటాయి. నాకు ఈ రెండోదే ఎక్కువ భయం కలిగిస్తుంది.

ఇక అసలు పోలిక పరీక్షా సాధనాల మధ్య. విండోస్‌తోనే వచ్చే మెమరీ డయాగ్నోస్టిక్‌కు పెన్‌డ్రైవ్ అక్కర్లేదు. స్టార్ట్ మెనూలో పేరు వెతికి రీస్టార్ట్ చేస్తే చాలు. మామూలుగా అది ‘స్టాండర్డ్’ పరీక్షను రెండు విడతలు నడిపి ఆగిపోతుంది. పరీక్ష నడుస్తుండగా ఎఫ్1 నొక్కి ‘ఎక్స్‌టెండెడ్’ ఎంచుకోవచ్చని తెలిసినవారు తక్కువ. ఫలితం తెర మీద క్షణం మెరిసి మాయమైపోతే, విండోస్‌లో జరిగినవి నమోదై కనిపించే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి ‘మెమరీ డయాగ్నోస్టిక్స్ రిజల్ట్స్’ అనే మూలం కింద చూడాలి. ఇది లోపం ఉందని చెబితే నమ్మవచ్చు. లేదని చెబితే మాత్రం నేను నమ్మను, ఎందుకంటే అప్పుడప్పుడూ మాత్రమే తప్పే కణాలు రెండు విడతల్లో దొరకకుండా తప్పించుకుంటాయి.

పెన్‌డ్రైవ్ నుంచి బూటయ్యే సాధనాలు రెండున్నాయి, పేర్లు దగ్గరగా ఉండటంతో తరచూ కలగాపులగం అవుతాయి. మెమ్‌టెస్ట్86 పాస్‌మార్క్ సంస్థది. దాని ఉచిత కూర్పు నాలుగు విడతల వరకే నడుస్తుంది. మెమ్‌టెస్ట్86 ప్లస్ ఓపెన్ సోర్స్. ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది, 2022లో వచ్చిన 6వ కూర్పు నుంచి యూఈఎఫ్‌ఐ (బయోస్‌కు కొత్త రూపం) యంత్రాల మీద కూడా పనిచేస్తోంది. రాత్రంతా వదిలేసి పరీక్షించాలంటే ప్లస్‌దే పైచేయి. అయితే విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉన్నవారికి నేను పాస్‌మార్క్‌దే ముందు సూచిస్తాను. అది సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రాన్ని మొదలవ్వనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉండగానే నడుస్తుంది. ప్లస్ కోసం సెక్యూర్ బూట్ ఆపాల్సి రావచ్చు. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసినట్టు దాచే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉంటే, ఆపిన మరుక్షణం యంత్రం 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చుంటుంది. ఆ కీ చేతిలో లేనివారు దానితో చెలగాటమాడవద్దు. సాధనం ఏదైనా, ముందు ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోవడం మేలు.

ఫలితాన్ని చదవడంలోనూ తేడా ఉంది. ఎన్ని విడతలైనా సరే, ఒక్క దోషం వచ్చినా లోపం ఉన్నట్టే. దీనికి ఒకే మినహాయింపు పాస్‌మార్క్‌లోని 13వ పరీక్ష, అంటే హ్యామర్ టెస్ట్: అది ఒకే వరుసను అదేపనిగా తాకి పక్క వరుసలను కదిలించే ప్రయత్నం చేస్తుంది. దోషాలు అందులో మాత్రమే వచ్చి మిగతావన్నీ శుభ్రంగా ఉంటే, మీ క్రాష్‌లకు కారణం వేరే చోట ఉండే అవకాశమే ఎక్కువ. మన ఎండల సంగతి కూడా మరవకూడదు. డీర్యామ్ (కంప్యూటర్లలోని మామూలు ర్యామ్) కణంలోని విద్యుదావేశం వేడికి త్వరగా కారిపోతుంది. అందుకే మామూలుగా 64 మిల్లీసెకన్లకు ఒకసారి జరిగే రిఫ్రెష్‌ను, అంటే ఆ ఆవేశాన్ని మళ్లీ నింపడాన్ని, 85 డిగ్రీలు దాటితే రెట్టింపు వేగంతో చేయాలని ప్రమాణాలు చెబుతాయి. ఏసీ గదిలో రాత్రి నెగ్గిన ర్యామ్, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకున్న డబ్బాలో మే నెల మధ్యాహ్నం తప్పవచ్చు. క్రాష్‌లు వచ్చే వేళకే పరీక్ష పెట్టండి.

దోషం కనిపించగానే కొత్త ర్యామ్ కొనేయకండి. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ స్టిక్కుల్లో చాలా రకాలు ఆ వేగాన్ని ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (తయారీదారు ముందే సిద్ధం చేసిన అధిక వేగపు సెట్టింగు)తోనే, 1.2 వోల్టులకు బదులు 1.35 వోల్టులతో అందుకుంటాయి. బయోస్‌లో ఆ ప్రొఫైల్‌ను ఆపి మళ్లీ పరీక్షించండి. దోషాలు పోతే పైసా ఖర్చు లేకుండా పని అయినట్టే, వేగం కాస్త తగ్గినా తేడా తెలియదు. పోకపోతే ఒక్కో స్టిక్కును ఒకే స్లాట్‌లో విడివిడిగా పెట్టి చూడాలి, తర్వాత అదే స్టిక్కును వేరే స్లాట్‌లో పెట్టాలి. స్టిక్కు వెంట దోషం వెళితే స్టిక్కుది, స్లాట్‌తోనే ఉండిపోతే బోర్డుది. రెండో స్టిక్కు లేనివారు సికింద్రాబాద్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వంటి కంప్యూటర్ దుకాణాల చోట ఇంకో స్టిక్కు పెట్టించి, అక్కడే పరీక్ష నడిపించమని అడగవచ్చు. ‘మార్చేశాం, ఇక రాదు’ అన్న మాటతో మాత్రం ఇంటికి రాకండి.

ర్యామ్ నిర్దోషి అని తేలితే వంతు డ్రైవర్లది. ఇక్కడ క్రాష్‌ల తీరే మంచి ఆధారం. ప్రతిసారీ వేరే తెర, వేరే ఫైలు పేరు వస్తుంటే అనుమానం ర్యామ్ వైపు మొగ్గాలి; ప్రతిసారీ ఒకే ఫైలు పేరు వస్తుంటే డ్రైవర్ వైపు. విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ ఫైళ్లను (క్రాష్ సమయపు నమోదులను) విన్‌డీబీజీ అనే మైక్రోసాఫ్ట్ సాధనంతో తెరిస్తే ఆ పేర్లు కనిపిస్తాయి. పాత యాంటీవైరస్, వీపీఎన్, లైట్ల రంగులు మార్చే సాఫ్ట్‌వేర్ వంటివాటిని ముందు చేత్తో తీసేయడం, డ్రైవర్లను ఒత్తిడికి గురిచేసి తప్పు పట్టే డ్రైవర్ వెరిఫయర్ నడపడం – ఈ రెండింటిలో నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. వెరిఫయర్ దొంగను పట్టుకుంటుంది, కానీ యంత్రం బూట్ కాకుండా చేయగలదు. కనీస డ్రైవర్లతో నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని రీసెట్ చేయడం తెలిసినవారే వాడాలి. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద కనిపించే ‘మెమరీ ఇంటెగ్రిటీ’ పేరు చూసి అది ర్యామ్‌ను కాపాడుతుందనుకుంటారు. అది హానికర కోడ్ కెర్నెల్‌లోకి చొరబడకుండా ఆపే భద్రతా ఏర్పాటు. పాత డ్రైవర్ దానితో పొసగకపోతే, ఏర్పాటును ఆపడం కంటే డ్రైవర్‌ను మార్చడమే మేలు.

ఇన్‌స్టాల్ చేయడం గురించి ఆలోచించాల్సింది ఈ మెట్లన్నీ దాటాకే. అప్పుడు కూడా ముందు సిస్టమ్ ఫైల్ చెకర్ (దెబ్బతిన్న విండోస్ ఫైళ్లను వెతికి సరిచేసే సాధనం), డిజ్మ్‌తో మరమ్మతు, ఆ తర్వాత ఫైళ్లు, ప్రోగ్రాములు చెదరని విధంగా విండోస్‌ను పైపైనే మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, అదీ చాలకపోతేనే పూర్తిగా తుడిచేయడం. అయితే ర్యామ్‌లో దోషం దొరికి మార్చినవారు మాత్రం తుడిచేసి ఇన్‌స్టాల్ చేయడానికి వెనకాడకూడదు. లోపమున్న ర్యామ్‌తో జరిగిన అప్‌గ్రేడ్‌లో ఏ ఫైలు చెడిందో పూర్తిగా తేల్చలేము, ఆ రోజుల్లో తీసిన బ్యాకప్‌ను కూడా గుడ్డిగా నమ్మలేము.

ర్యామ్‌ను బోర్డుకే అతికించిన పల్చటి ల్యాప్‌టాపుల పరిస్థితి వేరు, అక్కడ మార్చడానికి స్టిక్కే ఉండదు. వారంటీ ఉంటే పరీక్షా తెరను ఫోటో తీసి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వడం మేలు. వారంటీ తీరి, దోషం ఒకటి రెండు చిరునామాలకే పరిమితమైతే, బీసీడీఎడిట్ అనే బూట్ సెట్టింగుల ఆదేశంలోని ‘బ్యాడ్ మెమరీ లిస్ట్’లో ఆ చిరునామాలున్న మెమరీ పేజీలను చేర్చి విండోస్ వాటిని తాకకుండా చేయవచ్చు. ఇది తాత్కాలిక ఉపాయం. అలాంటి యంత్రంలో ముఖ్యమైన ఫైళ్ల ఏకైక ప్రతిని ఉంచవద్దు, నెలకోసారి రాత్రంతా పరీక్ష నడిపి కొత్త చిరునామాలేమైనా చేరాయేమో చూడాలి.