ఫీఫీ దీవుల్లో పగడపు దిబ్బల శుభ్రత పనికి వెళ్లేవారి కోసం

థాయిలాండ్‌లోని ఫీఫీ దీవులకు మనవాళ్లు ఎక్కువగా ఫుకెట్ నుంచి ఒక్క రోజు విహారానికే వెళ్తుంటారు. సునామీ తరువాత స్వచ్ఛంద డైవర్లు శుభ్రం చేసిన పగడపు దిబ్బలను చూడాలన్నా, ఆ తరహా పనిలో ఇప్పుడు ఓ చెయ్యి వేయాలన్నా దీవిలో కొన్ని రాత్రులైనా ఉండక తప్పదు.

2004 డిసెంబర్ 26న అల ఇక్కడికి రెండు వైపుల నుంచీ వచ్చింది. రెండు కొండల మధ్య సన్నని ఇసుక పట్టీ మీద, సముద్రమట్టానికి రెండు మీటర్ల ఎత్తైనా లేని చోట కట్టుకున్న టాన్‌సాయ్ ఊరు చాలావరకు కొట్టుకుపోయి, హోటళ్ల పరుపులు, రేకులు, తీగలు అటు టాన్‌సాయ్, ఇటు లో దాలం అఖాతాల అడుగుకు చేరాయి. థాయిలాండ్ అండమాన్ తీరంలో అప్పట్లో పరిశీలించిన దిబ్బల్లో తీవ్రంగా దెబ్బతిన్నవి సుమారు 13 శాతమే. అయితే అడుగున మిగిలిన చెత్త ఆటుపోట్లకు కదిలినప్పుడల్లా బతికిన పగడాలనూ ఒరుసుకుంటుంది కనుక, 2005లో పలు దేశాల నుంచి వచ్చిన డైవర్లు బరువైన వాటికి గాలి నింపే సంచులు కట్టి పైకి తేల్చారు. తిరగబడిన పగడాలను నిలబెట్టడం, ఊడిన సీ ఫ్యాన్లను (విసనకర్ర ఆకారంలో పెరిగే పగడాలను) మళ్లీ నాటడం సిమిలన్ దీవుల వంటి చోట్ల జరిగింది.

బసకు టాన్‌సాయ్ అనుకూలమే. పడవల రేవు, డైవ్ షాపులు, భారతీయ భోజనం అన్నీ అక్కడే దొరుకుతాయి, కాని లో దాలం వైపు గదుల్లో అర్ధరాత్రి దాటినా పాటల హోరు తగ్గదు. పొద్దున్నే నీళ్లలోకి దిగేవారికి నేను లాంగ్ బీచ్‌నే సూచిస్తాను. ఉత్తరాన ఉన్న లేమ్ టాంగ్ ప్రశాంతమైనదే అయినా ఖరీదు ఎక్కువ, ఈ పనికి దూరం కూడా.

డైవ్ షాపును ఎంచుకోవడమే అసలు విషయం. ఒక చోట ఈత కూడా సరిగా రానివారికి గంటలో పగడం నాటే కార్యక్రమాన్ని అమ్ముతున్నారు. నాటిన ముక్కలను ఆ తరువాత ఎవరు చూసుకుంటారని అడిగితే సూటైన జవాబు రాలేదు. 2010లో నీటి వేడికి ఈ సముద్రంలో పగడాలు పెద్దయెత్తున తెల్లబడి, అంటే చావుకు దగ్గరపడి, దెబ్బతిన్నాయన్న సంగతి తెలిసినవారికి ఆ ప్రశ్న చిన్నదిగా తోచదు. చెత్త తీసే డైవింగ్ అంత ఆకర్షణీయంగా ఉండదు గాని, డబ్బుకు తగిన పని అదే. 2011లో మొదలైన ‘డైవ్ అగెయినెస్ట్ డెబ్రీ’ (నీటి అడుగు చెత్తను తీసి లెక్కగట్టే) పద్ధతిని పాటించే షాపులో ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి డైవింగ్ సర్టిఫికెట్ అడుగుతారు, అడుగును తాకకుండా నీటిలో నిలకడగా తేలి ఉండగలరో లేదో చూస్తారు, తీసిన ప్రతి వస్తువునూ రకాల వారీగా లెక్క రాయిస్తారు. పగడం అల్లుకుపోయిన తాడును లాగకుండా వదిలేయమని ముందే చెప్పే శిక్షకుడు దొరికితే ఇంకో షాపు వెతకనక్కర్లేదు.

పక్కనే ఉన్న ఫీఫీ లే దీవిలోని మాయా బే అనే అఖాతాన్ని నాశనం చేసింది సునామీ కాదు, మనలాంటి పర్యాటకులే. 2018 జూన్ నుంచి 2022 జనవరి వరకు మూసి పగడాలు నాటారు. ఇప్పుడు పడవలు వెనుకనున్న లో సమా వైపే ఆగుతాయి, ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో ప్రవేశం ఉండదు.

నవంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం అనుకూలంగా ఉంటుంది. డైవింగ్ తరువాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల వ్యవధి ఉండాలి కాబట్టి, చివరి రోజును 186 మీటర్ల వ్యూ పాయింట్ కొండకు కేటాయించుకోవచ్చు.