నచ్చిన నవల: చేతికివ్వడమా, కథ చెప్పడమా, చదివి వినిపించడమా?

పుస్తకాల పిచ్చి ఉన్న ఇద్దరు కలిస్తే పది నిమిషాల్లో మాట అప్పు దగ్గరికి వచ్చేస్తుంది. నీ దగ్గర ఏముంది, నాకెప్పుడిస్తావు అని. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లో ఒంగోలు నుంచి నెల్లూరు పోయే ఉద్యోగస్తుల్లోనూ ఇట్లా పుస్తకాలు చేతులు మారుతుంటాయి. సాంఘిక నవలైతే ఎట్లా ఇచ్చినా పెద్ద తేడా పడదు. కథ ముందే తెలిసినా మనుషులు మిగులుతారు, వాళ్ళ మాటలు మిగులుతాయి. జానపద మాయల నవలలకీ, భయపెట్టే నవలలకీ ఆ ధీమా లేదు. వాటిని ఎదుటివాళ్ళకి ఎట్లా అందిస్తామన్నదాని మీదే వాళ్ళకి దక్కేదంతా ఆధారపడి ఉంటుంది.

చేతికిచ్చి నోరు మూసుకోవడం ఒక దారి. కూర్చోబెట్టి కథ చెప్పడం ఇంకో దారి. పక్కన కూర్చుని చదివి వినిపించడం మూడోది. ఏది మేలంటే, రెండు రకాల నవలలకీ ఒకే జవాబు కుదరదు. భయం నవల కథ చెబితే చచ్చిపోతుంది. మాయల నవల చెప్పేకొద్దీ పెరుగుతుంది. నేను ఏళ్ళుగా పట్టుకున్న సూత్రం ఇదే, ఎందుకో చెబుతాను.

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ తీసుకోండి. 1980ల తొలినాళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఒక చిన్నపాప మీద చేతబడి. ఒకపక్క డాక్టర్లు, ఇంకోపక్క మంత్రాలు తెలిసినవాళ్ళు, ఇద్దరూ ఆ బిడ్డ ప్రాణం కోసం పెనుగులాడుతుంటారు. చదువుతున్నంతసేపూ మనకి ఒకటే గుంజాట: ఇది జబ్బా, నిజంగానే ప్రయోగమా? ఆ గుంజాటే ఆ నవల. ఎవరైనా ముందే చివర చెప్పేశారనుకోండి, మిగిలేది నాలుగైదు భయంకరమైన సీన్లు మాత్రమే. అందుకే మా ఆఫీసులో ఒక కుర్రాడు సగం చదివి, మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ, "అన్నా, పాపకేం కాదు గదా?" అని అడిగితే, "చదువు తమ్ముడూ" అన్నాను. ఇంకో రెండుసార్లు అడిగాడు. అదే మాట. ఆ రాత్రి నిద్ర మానుకుని పూర్తిచేశాడు. పక్కనే కూర్చుని ‘ఏం కాదులే’ అని ఊరడించి ఉంటే వాడికి ఆ రాత్రి దక్కేది కాదు. చివర ఏమైందో ఇక్కడ కూడా రాయను, ఇంకా చదవనివాళ్ళు ఉంటారు.

దీనికి ఒక ఎదురుప్రశ్న ఉంది. బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ 1897లో వచ్చింది. అందులో కోట యజమాని డ్రాకులా కౌంటు (కౌంటు అంటే జమీందారు లాంటి బిరుదు) రక్తం తాగే పిశాచమని ఇప్పుడు బడిపిల్లకాయలకి కూడా తెలుసు. గుట్టు మొత్తం బయటపడిన పుస్తకం మరి ఎందుకు భయపెడుతుంది? నా ఉద్దేశంలో గుట్టు కంటే వరస ముఖ్యం. నవలంతా డైరీలు, ఉత్తరాలు, పేపరు కత్తిరింపులు. మొదటి నాలుగు అధ్యాయాలూ ఆ కౌంటు కోటలో ఇరుక్కున్న జోనాథన్ హార్కర్ డైరీ. అతను గడ్డం గీసుకుంటుంటే భుజం మీద చెయ్యి పడుతుంది. అద్దంలో వెనకున్న గది అంతా కనిపిస్తుంది, ఆ మనిషి మాత్రం కనపడడు. నన్ను ఎక్కువ వణికించింది అదీ కాదు. ఒకరోజు హార్కర్ గదిలోకి పోయేసరికి కౌంటు పక్క సర్దుతుంటాడు. తర్వాత తలుపు సందులోంచి చూస్తే భోజనం బల్ల సర్దేది కూడా ఆయనే. అంటే అంత పెద్ద కోటలో నౌకర్లే లేరు. మరి తనని రాత్రి బండిలో తెచ్చి దించిన బండివాడు ఎవరు? ఈ ప్రశ్న హార్కర్‌కి తట్టే చోటే మనకీ తట్టాలి. కథగా చెప్పేవాడు ఈ పక్క సర్దే ముక్కని ఎప్పుడూ వదిలేస్తాడు, పిశాచం, కోరలు, మేకు అని పరిగెత్తుతాడు. అందువల్ల భయం నవలకి చేతికివ్వడమే మర్యాద.

చేతికివ్వడంలో ఇంకో సుఖం, పుస్తకం తిరిగొచ్చినప్పుడు తెలుస్తుంది. మూల మడిచిన పేజీ చూస్తే ఏ సీను దగ్గర లైటు వేసుకుని పడుకున్నారో పట్టేయొచ్చు. కష్టం ఏంటంటే తిరిగి రావాలి గదా. మామూలు ప్రతి పోతే ఇంకోటి కొనుక్కుంటాం. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి, అట్ట వేయించుకున్న బైండింగులు కొందరి ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. వెనకవైపు ఆనాటి సబ్బుల ప్రకటనలతో సహా. ఒక సంచిక దొరక్కపోతే కథలో అక్కడ గొయ్యి. అట్లాంటి బైండింగు ఎవరికీ ఇవ్వొద్దు, ఇంటికి పిలిచి చదువుకోమనండి. అది పోతే మళ్ళీ రాదు.

ఇక మాయల నవలలు. వీటికి చెప్పడం అనాదిగా వస్తున్న అలవాటు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలూ ఈ పునాది మీదే నిలబడ్డాయి. కాశీకి బయల్దేరిన మణిసిద్ధుడనే యతి వెంట ఒక పశువులకాపరి కుర్రాడు వెళ్తాడు, వాడి షరతు ఒకటే: దారిలో మజిలీ మజిలీకీ నాకు కథ చెప్పాలి. ఒక మాయ ఇంకో మాయకి దారి తీస్తుంది, వినేవాడు ‘ఆ తర్వాత?’ అంటాడు. ముగింపు ముందే తెలిసినా నష్టం లేదు, రాకుమారుడు గెలుస్తాడని అందరికీ తెలుసు. ఏ లోకంలోకి పోయాడు, అక్కడ ఏం చూశాడు అన్నదే రుచి.

1954లో చందమామలో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ కూడా ఆ జాతిదే. కుండలినీ ద్వీపం, సేనాపతి సమరసేనుడు, ఒంటికన్ను మాంత్రికుడు ఏకాక్షి, నాలుగు కళ్ళ చతుర్నేత్రుడు, వాడి గుడ్లగూబ, వాడి నరవానరుడు. ఈ పేర్లు వరసగా పలికితేనే పిల్లకాయలు దగ్గరికి జరుగుతారు. చెప్పేవాడికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది, అచ్చు పుస్తకానికి లేనిది. వినేది కనిగిరి వైపు వాళ్ళయితే, మాంత్రికుడి గుహ గురించి చెప్పేటప్పుడు "భైరవకోన చూశావు గదా, కొండని తొలిచిన ఎనిమిది గుళ్ళు, పైనుంచి నీళ్ళు పడేది, అట్లాంటి చోటు అనుకో" అంటే చాలు. ఆత్మకూరు వైపు పిల్లలకి ఉదయగిరి దుర్గం ఉంది. కొండమీద కూలిన గోడలు, పాత మసీదు, గుళ్ళు. పరాయి లోకం ఒక్క మాటతో తెలిసిన దారిలోకి వచ్చి నిలబడుతుంది.

అయితే చెప్పడానికి ఒక హద్దు పెట్టుకోవాలి. వినేవాళ్ళని గుమ్మం దాకా తీసుకెళ్ళి ఆపేయాలి. ఓడలు తుఫానులో చిక్కుకుని తెలియని తీరానికి కొట్టుకొచ్చాయి, ఇదిగో పుస్తకం. మొత్తం చెప్పేస్తే వాళ్ళకి మన గొంతే గుర్తుంటుంది, దాసరి గారి వాక్యం వాళ్ళ చెవిన పడదు. మరీ పెద్ద పుస్తకాలు అసలు చెప్పడానికి లొంగవు. తోకచుక్క మొదలైన ఆ 1954లోనే లండన్‌లో టోల్కీన్ రాసిన ఇంగ్లీషు మాయల నవల ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగం వచ్చింది. దాన్ని ఎవరైనా అరగంటలో చెబుతుంటే విన్నవాళ్ళకి తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. అన్ని పేర్లు, అన్ని వంశాలు, అన్ని నదులు.

మరి ఆ పుస్తకం మొదటి పాఠకులకి ఎట్లా అందింది? చదివి వినిపిస్తే. ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్, రచయిత సి.ఎస్. లూయిస్, ఇంకొందరు మిత్రులు కూడి, రాస్తున్న అధ్యాయాలని ఒకరికొకరు బిగ్గరగా చదువుకునేవాళ్ళు. భయం వైపు చూసినా అంతే. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున వానలకి ఇల్లు కదలలేక, ఇంగ్లీషు కవులు బైరన్, షెల్లీ, వాళ్ళతో ఉన్న మేరీ, బైరన్ డాక్టరు పాలిడోరి దయ్యాల కథల పుస్తకం ఒకటి పైకి చదువుకున్నారు. అందరం తలా ఒకటి రాద్దామన్నాడు బైరన్. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో అట్లా వెలువడింది. మొదలుపెట్టేనాటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు.

ఇదేంటి, భయం కథ నోటితో చెప్పొద్దన్నావుగా అంటారేమో. చెప్పడం వేరు, చదివి వినిపించడం వేరు. చదివేటప్పుడు రచయిత పెట్టిన వరస చెదరదు. పైగా ఒక పెద్ద లాభం: ఒంటరిగా చదివేవాడి కన్ను, భయం వేసినప్పుడు పేజీ కిందికి దూకి ఏం జరిగిందో ముందే చూసేస్తుంది. వినేవాడికి ఆ దొంగదారి లేదు. ఒక్కో వాక్యం వచ్చేదాకా ఆగాల్సిందే. చదివే మనిషి నటించకూడదు, గొంతు మార్చకూడదు, దయ్యం అరుపులు అసలే వద్దు. మామూలు గొంతుతో, కొంచెం నిదానంగా చదివితే చాలు.

ఇబ్బంది సమయమే. పేజీకి రెండున్నర నిమిషాలు వేసుకున్నా మూడొందల పేజీల నవలకి పన్నెండున్నర గంటలు. రోజుకి అరగంట చొప్పున ఇరవై అయిదు రాత్రులు. మామూలు రోజుల్లో ఎవరికీ కుదరదు. ఎండాకాలం సెలవుల్లో, భోజనాలయ్యాక మిద్దె మీద నీళ్ళు చల్లి పక్కలు వేసుకునే ఇళ్ళలో మాత్రం హాయిగా కుదురుతుంది. పెద్దవాళ్ళు వింటూ నిద్రపోతారు, పిల్లలు పోరు.

ఫోన్లో స్కాన్ కాపీలు పంపుకోవడం గురించి ఎక్కువ చెప్పను. రచయిత బతికుండగా, పుస్తకం అచ్చులో దొరుకుతుండగా అది పద్ధతి కాదు. అదీగాక, పైన మెసేజులు టింగుమంటుంటే డ్రాకులా అయినా ఎవరినీ భయపెట్టలేడు.

కాబట్టి మూడింట్లో ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు చదివి వినిపించడానికే. రెండు రకాల నవలలకీ సరిపోయేది అదొక్కటే. అంత తీరిక లేకపోతే మాయల నవలకి గుమ్మం దాకా కథ చెప్పి పుస్తకం ఇవ్వండి. భయం నవలని ఒక్క మాట కూడా పొగడకుండా ఇవ్వండి. ‘చాలా భయంగా ఉంటుంది’ అని ముందే అంటే వాళ్ళు పంతానికి భయపడరు.

ఈ వేసవికి ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే తోకచుక్కతో మొదలుపెట్టండి. అది భాగాలుగా రాసిన సీరియల్, రాత్రికొక భాగం చొప్పున కొలిచినట్టు సరిపోతుంది. ‘నాకు దయ్యాలంటే భయం లేదు’ అనే బావమరిది ఉంటే డ్రాకులా ఇచ్చి, హార్కర్ డైరీ నాలుగు అధ్యాయాలూ చదివి తర్వాత నీ ఇష్టం అనండి. రాత్రి పది దాటాక ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చావని మాత్రం అడగొద్దు.